పైస్వరాలకు నాలుగు మార్కులు

విశాఖపట్నం పరీక్షా కేంద్రానికి ప్యానెల్ లీడ్‌గా నాకు పోస్టింగు వచ్చింది నేను రిటైరు కావడానికి ఆరేళ్ళ ముందు, ఏప్రిల్ నెల మొదటి వారంలో. నేను పనిచేసిన సంస్థ కార్లు తయారు చెయ్యదు. కార్ల ఫ్యాక్టరీలకు స్టీరియోలు తయారుచేసి ఇస్తుంది. మీరు షోరూం నుంచి కొత్త కారు తెచ్చుకున్నప్పుడు అందులో ముందే బిగించి ఉండే స్టీరియో, తలుపుల్లోని స్పీకర్లు, ముందు అద్దం పక్కన సన్నని పైస్వరాలు పలికే చిన్న ట్వీటర్లు మాబోటి వాళ్ళు ఇచ్చినవే. అవి సరిగ్గా పలుకుతున్నాయా లేదా అని విని మార్కులు వెయ్యడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే ఇప్పటికీ చాలామంది నమ్మరు. మా వియ్యంకుడైతే నన్ను ఎవరికి పరిచయం చేసినా, కార్లో కూర్చుని పాటలు వింటే జీతం ఇచ్చేవారండీ ఈయనకి అంటాడు. నేను దిద్దడం మానేశాను.

విశాఖలో కేంద్రం పెట్టడానికి కారణం సముద్రపు గాలి. స్పీకరు మధ్యలో గరాటులా కనిపించే భాగాన్ని శంకువు అంటాం. చాలా కార్లలో అది కాయితపు గుజ్జుతో చేసినది. ఉప్పుగాలిలోని చెమ్మ పీల్చుకుంటే అది కాస్త బరువెక్కుతుంది, బరువెక్కితే గొంతు మారుతుంది. అందుకని కొత్త మోడల్ కారు ఏది వచ్చినా మా ఆవరణలో, సముద్రం వైపు, మూడు నెలలు ఆరుబయట నిలబెట్టేవాళ్ళం. ఆ తర్వాత ట్యూనింగ్ ఇంజినీరు లాప్‌టాప్ పట్టుకుని అందులో కూర్చుంటాడు. కారు లోపల అద్దాలు శబ్దాన్ని తిరగ్గొడతాయి, సీట్లు మింగేస్తాయి, ఏ రెండు మోడళ్ళూ ఒకలా ఉండవు. ఏ స్వరాలను ఎంత పెంచాలి, ఏవి ఎంత తగ్గించాలి అన్నది ఆ కారుకు తగ్గట్టు కుదర్చడమే ట్యూనింగ్. కుదిరాక దానికి ఒక కోడ్ నంబరు వేసి తాళం వేస్తారు. ఇక ఎవరూ ముట్టుకోరు. అప్పుడు ప్యానెల్ వింటుంది.

ప్యానెల్ అంటే అయిదుగురం. ఒక్కొక్కరం విడివిడిగా డ్రైవరు సీట్లో ఇరవై నిమిషాలు కూర్చుంటాం. వినేది ఎప్పుడూ అవే ఆరు రికార్డులు: వార్తలు చదివే ఆడమనిషి గొంతు, పక్కవాద్యం లేని పాట, వీణ, మృదంగం, నాట్యం చేస్తున్న మనిషి కాలి గజ్జెలు, డప్పులు దద్దరిల్లే ఒక గుంపుపాట. బాస్, పైస్వరాలు, మాట స్పష్టత, ధ్వని ఎటు నుంచి వస్తోంది, తలుపుల గరగర అని అయిదు గడులుంటాయి. గడికి పది మార్కులు. కారులోంచి దిగాక ఎవరితోనూ మాట్లాడకుండా షీటు కవర్లో పెట్టి అంటించి ఇచ్చెయ్యాలి. మొహం కూడా మామూలుగా పెట్టుకుని దిగాలని నేను చెప్పేవాణ్ణి. సగటు ఆరు దాటితే పాస్. కానీ ఏ గడిలోనైనా లీడ్ వేసిన మార్కు అయిదు కంటే తగ్గితే, మిగతా నలుగురూ పదికి పది వేసినా ఆ ట్యూనింగ్ తిరగ్గొట్టినట్టే. ఆ లీడ్‌ని నేను.

ఇంకొక్క కాయితం గురించి చెప్పాలి. పెద్ద చప్పుడులో కొంతసేపు గడిపితే చెవి కొన్ని గంటలపాటు మొద్దుబారుతుంది. మరుసటి రోజుకు మామూలైపోతుంది గానీ ఈలోపు పైస్వరాలు సరిగ్గా అందవు. మనకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు, ఎదుటి వస్తువే మందంగా పలుకుతోందనుకుంటాం. అందుకని కారు ఎక్కేముందు ప్రతి ఒక్కరూ డిక్లరేషన్ సంతకం పెట్టాలి. గత ఇరవై నాలుగు గంటల్లో పెళ్ళి బ్యాండు, సినిమా హాలు, బాణసంచా, ఫ్యాక్టరీ మెషిన్ షాపు, ఈ నాలుగింటి దగ్గరా అవును, కాదు అని టిక్కు పెట్టాలి. ఆ ఫారం తయారుచేసింది నేనే. విశాఖ వచ్చిన మొదటి నెలలోనే తయారుచేసి, చాలా గర్వపడ్డాను.

ఫారం పెట్టిన కొత్తలో వరహాలరావు అనే ప్యానెల్ సభ్యుడు పెళ్ళి బ్యాండు దగ్గర అవును అని టిక్కు పెట్టాడు. ముందురోజు మేనకోడలి పెళ్ళి ఊరేగింపులో నడిచాడట. ఆ పూటకు అతన్ని తప్పించి ఇంకొకర్ని కూర్చోబెట్టాను. అంతటితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. మీటింగులో అందరి ముందూ చెవిని కాపాడుకోలేనివాడికి ఈ ఉద్యోగం ఎందుకని అడిగి, ఆరు నెలలు ప్యానెల్ నుంచి తీసేశాను. ఆ తర్వాత మా కేంద్రంలో ఎవరూ అవును అని టిక్కు పెట్టలేదు. అందరూ జాగ్రత్తగా ఉంటున్నారనుకున్నాను.

ఎస్తేరు మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే ట్యూనింగ్ ఇంజినీరు. ముప్ఫై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో నాలుగు గొంతుల పాటల్లో రెండో గొంతు పాడిన పిల్ల. పక్కవాళ్ళ గొంతుకు తన గొంతు ఎక్కడ తగ్గాలో, ఎక్కడ ఆనాలో వినివిని చెవి తయారైంది. మూడేళ్ళు మిగతా ఇంజినీర్లకు సహాయకురాలిగానే చేసింది. నేను వచ్చిన మరుసటి ఏడు ఒక చిన్న కారు మోడల్‌ని మొదటిసారి పూర్తిగా ఆమెకు అప్పజెప్పారు. ఈ ట్యూనింగ్ ప్యానెల్‌లో పాసైతే ఆమెను పర్మనెంటు చెయ్యాలనీ, లేకపోతే జూన్ నెలాఖరుతో కాంట్రాక్టు ముగించాలనీ హెడ్డాఫీసు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం నా ద్వారానే ఆమెకు వెళ్ళింది.

ఆమె చేసిన ట్యూనింగ్‌లో ఒక ప్రత్యేకత ఉంది. పైస్వరాలను మా కంపెనీ ప్రమాణం కంటే ఒక వెంట్రుకవాసి తగ్గించింది. ఎందుకని అడిగితే, మనవాళ్ళు కొత్త కారు సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తియ్యరనీ, ప్లాస్టిక్ పైస్వరాలను మింగకుండా తిరగ్గొడుతుందనీ, ప్రమాణం ప్రకారం చేస్తే ఆ కార్లలో చెవులు గీరుకుపోతాయనీ చెప్పింది. "కారు అమ్మేసే రోజుకి కూడా ఆ కవర్లు అలాగే ఉంతాయి సార్. మా బాబాయి కారు సూడండి, ఎనిమిదేళ్ళయింది" అంది. కవర్లు వేసీ, తీసీ రెండు రకాలుగా కొలిచి, రెండింటికీ సరిపోయేలా మధ్యస్థంగా కుదిర్చింది. నాకు ఆలోచన నచ్చింది గానీ ప్రమాణం తప్పడం నచ్చలేదు. వింటే తెలుస్తుంది కదా అన్నాను.

పరీక్ష జూన్ మొదటి వారంలో, ఒక మంగళవారం ఉదయం పది గంటలకు. అప్పటికి చేపల వేట నిషేధం ఇంకా ఎత్తలేదు. ఏటా ఆ రెండు నెలలూ బోట్లు కట్టేసి ఉంటాయి కనుక ఇంజన్ల పనులన్నీ అప్పుడే చేయించుకుంటారు. నా చిన్ననాటి స్నేహితుడు నూకరాజుకు ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు ఉంది. చుట్టరికం ఏమీ లేదు, స్కూల్లో ఒకే బెంచీ, అప్పటి నుంచీ బావా అంటే బావా. ఆ మంగళవారం తెల్లవారుజామున అయిదు గంటలకు ఫోన్ చేశాడు. ఇంజను విప్పి బిగించారట, స్టార్ట్ చేస్తున్నారట, వచ్చి చూడమన్నాడు. ఇల్లు దగ్గరే. స్కూటరు వేసుకుని వెళ్ళాను.

బోటు అడుగున ఇంజను గది. మనిషి వంగి నిలబడేంత ఎత్తు. ఇంజను తిరుగుతోంది. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ అంతా బాగుందంటున్నాడు. నూకరాజు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఆడు బాగుందంతన్నాడు బావా. నాకు లోపల ఏటో కొట్టుకుంతన్నట్టు ఇనిపిత్తంది. నువ్వు సౌండింజినీరువి గదా, ఓపాలి దిగి సూడు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇంతమందిలో నా చెవికి ఉన్న విలువ అది. దిగాను. ఆ రేకుల గదిలో ఇంజను పక్కన అరగంట పైనే కూర్చున్నాను. ఒక్కో సిలిండరు దగ్గరా చెవి పెట్టి విని, మూడో దాని పైన ఒక వాల్వు దగ్గర సన్నగా టక్కుటక్కుమంటోందని పట్టుకున్నాను. విప్పి చూస్తే సందు వదులుగానే ఉంది. మెకానిక్ ఒప్పుకున్నాడు. నూకరాజు భుజం తట్టి, సెవంటే నీదే బావా అన్నాడు. పైకి వచ్చి టీ తాగుతుంటే చెవుల్లో సన్నగా గుయ్‌మంటోంది. సముద్రపు గాలి అనుకున్నాను. ఇంటికి వెళ్ళి స్నానం చేసేసరికి అది కూడా గుర్తులేదు.

పదింటికి డిక్లరేషన్ ముందుకు వచ్చింది. పెళ్ళి బ్యాండు, కాదు. సినిమా హాలు, కాదు. బాణసంచా, కాదు. మెషిన్ షాపు, కాదు. నాలుగు టిక్కులు పెట్టి సంతకం చేశాను. అబద్ధం ఒక్కటీ లేదు. బోటు ఇంజను ఆ జాబితాలో లేదు. నిజానికి ఆ నిమిషాన నాకు బోటు గుర్తుకే రాలేదు. చేయి అలవాటుగా టిక్కు పెట్టుకుపోయింది. ఆ పూట అటెండరు వచ్చి టీ ఇప్పుడా తర్వాతా అని అడిగితే రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నానని కూడా ఆ తర్వాతే గుర్తొచ్చింది.

కారులో కూర్చున్నాను. వార్తలు చదివే గొంతు మూసుకుపోయినట్టుంది. వీణ మీటు మొదట్లో గోరు తగిలే చప్పుడు లేదు. గజ్జెలు విన్నప్పుడు నాకు కోపమే వచ్చింది. ఎవరో దుప్పటి కప్పినట్టు ఎక్కడో లోపల మోగుతున్నాయి. పైస్వరాలు తగ్గించానని ఆమె ముందే చెప్పింది కదా, అతిగా తగ్గించేసిందనుకున్నాను. అనుమానానికి కారణం ముందే చేతిలో ఉన్నప్పుడు ఇంకొక కారణం వెతకాలని ఎవరికీ తోచదు. పైస్వరాలకు నాలుగు వేశాను. కింద రిమార్కుల్లో, పైస్వరాలు చచ్చిపోయాయి, ప్రమాణాన్ని పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన లోపం, మొదటి నుంచి చెయ్యాలి అని రాశాను. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు లోలోపల కొంత తృప్తిగా కూడా ఉంది. అది ఒప్పుకోవాలి.

బుధవారం కవర్లు విప్పారు. మిగతా నలుగురూ పైస్వరాలకు ఎనిమిది, ఎనిమిది, ఏడు, తొమ్మిది వేశారు. లీడ్ నాలుగు. ట్యూనింగ్ పోయింది. నలుగురు ఒక మాట చెప్పి నేనొక్కణ్ణే ఇంకో మాట చెబితే, ఆ నలుగురూ తమ చెవుల్నే అనుమానించారు తప్ప నన్ను కాదు. వాళ్ళను అలా తయారుచేసింది నేనే. ఎస్తేరు నా రిమార్కు చదువుకుని, సరే సార్ అని షీటు ఫైల్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

గురువారం గరగర పరీక్ష. పాసైనా కాకపోయినా ప్రతి కారునూ గతుకుల రోడ్డు మీద నడిపి తలుపులూ డాష్‌బోర్డూ ఏమైనా కొట్టుకుంటున్నాయేమో చూస్తాం. ఆనందపురం దాటి పక్కకు తిరిగితే మాకు కావలసినన్ని గతుకులు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. గతుకులు అయిపోయాక తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కగానే, ఊరికే ఉండలేక గజ్జెల రికార్డు పెట్టాను.

ఒక్కొక్క మువ్వ విడివిడిగా వినిపించింది. పాదం నేలకు ఆనే చప్పుడు, ఆ తర్వాత మువ్వల గలగల, అది సన్నగా ఆగిపోవడం, అన్నీ. వీణ పెట్టాను. గోరు తగిలిన చప్పుడు ఉంది. వార్తల గొంతులో స, ష అక్షరాలు ఎక్కడా కొయ్యకుండా, ఎక్కడా మాసిపోకుండా ఉన్నాయి. ఆ తరగతి కార్లలో అంత బాగా కుదిరిన పైస్వరాలు నేను నా సర్వీసులో నాలుగైదుసార్లు విని ఉంటాను. కోడ్ నంబరు చూశాను. మంగళవారం ఉన్న నంబరే. తాళం ఎవరూ ముట్టుకోలేదు. డ్రైవరు నా మొహం చూసి ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. కారు ఆపమని, రోడ్డు పక్కన కాసేపు నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది బోటు.

కేంద్రానికి వచ్చి చెవుల పరీక్ష గదిలో కూర్చుని పరీక్ష చేసుకున్నాను. మామూలుగా ఉన్నాయి. అంటే మంగళవారం చెడింది కారు కాదు, నేను.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నిబంధనల్లో స్పష్టంగా ఉంది. పరీక్ష రోజు కాక మూడు పనిదినాలలోపు ఎవరైనా తన షీటు వెనక్కి తీసుకోవచ్చు. పేరు, తేదీ, కారణం రాసి సంతకం పెడితే చాలు, మళ్ళీ వింటారు. బుధ, గురు, శుక్ర. శుక్రవారమే మూడో రోజు. సాయంత్రం అయిదు గంటలకు ఆఖరు.

శుక్రవారం పొద్దున్నే ఆ ఫారం తీసుకున్నాను. పేరు రాశాను. తేదీ వేశాను. కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పరీక్షకు నాలుగు గంటల ముందు ఇంజను గదిలో కూర్చున్నానని రాయాలి. మేనకోడలి పెళ్ళిలో నడిచి, నడిచానని చెప్పినవాణ్ణి ఆరు నెలలు బయట కూర్చోబెట్టిన మనిషిని నేను. వరహాలరావు పక్క గదిలోనే ఉన్నాడు. ప్యానెల్ కాయితాలు ఫైలు చేసేది అతనే, ఈ ఫారం అతని టేబులు మీదుగానే వెళ్తుంది. ఫారం సొరుగులో పెట్టాను. మధ్యాహ్నం తీశాను, మళ్ళీ పెట్టాను.

నాలుగు గంటలకు ఎస్తేరు తలుపు దగ్గర నిలబడి, ఒక్క మాట అడగొచ్చా అంది. రమ్మన్నాను. కూర్చోలేదు.

"సార్, తప్పుగా అనుకోకండి. నాను మళ్ళీ మళ్ళీ విన్నాను. నాకు బాగానే వినిపిత్తంది. మీకు నిజంగానే అలా వినిపించిందా సార్?"

సొరుగు నా మోకాలికి తగులుతోంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇక రాదు. నేను, "వినిపించిందమ్మా" అన్నాను.

అదీ అబద్ధం కాదు. మంగళవారం నాకు అలాగే వినిపించింది. ఆమె అడిగిన దానికి అక్షరాలా జవాబు చెప్పాను, ఆమెకు కావలసింది మాత్రం చెప్పలేదు. ఆమె తలూపి, "అయితే నా చెవిలోనే ఏదో ఉంది సార్" అంది. కాదు అనడానికి నోరు తెరిచి, "కొంచెం పెంచి మళ్ళీ తీసుకురా, ఇంకా టైముంది" అన్నాను. అయిదు గంటలయింది. ఫారం సొరుగులోనే ఉంది.

నేను వేసుకున్న లెక్క ఇది. ఆమె పైస్వరాలు నామమాత్రంగా పెంచుతుంది. రెండు వారాల్లో మళ్ళీ ప్యానెల్. నేను ఎనిమిది వేస్తాను. నెలాఖరులోపు పర్మనెంటు ఉత్తర్వు వస్తుంది. ఎవరికీ ఏమీ తెలియనక్కరలేదు, ఎవరికీ నష్టం లేదు. పిరికితనం ఎప్పుడూ ఇలా చక్కగా లెక్క కట్టుకునే వస్తుంది.

ఎస్తేరు మాత్రం నామమాత్రంగా పెంచలేదు. సార్ చెవి తప్పు కాదు కనుక తన చెవి తప్పు అని నమ్మింది. తనకు ఇంపుగా అనిపించిన చోటల్లా, ఇది తక్కువన్నమాట అనుకుని పెంచుకుంటూ పోయింది. తుది తాళం వేసే ముందు ఒక్కసారి వచ్చి వినమని నన్ను అడిగింది. ప్యానెల్‌కు ముందు లీడ్ వినకూడదని నిబంధన ఉందని చెప్పాను. నిజంగానే ఉంది. అప్పటికి నాకు నిబంధనలు బాగా ఉపయోగపడుతున్నాయి.

రెండో పరీక్ష రోజున కారులో కూర్చుని గజ్జెల రికార్డు పెట్టగానే నా పళ్ళు జివ్వుమన్నాయి. స్టీలు పళ్ళెంలో మేకులు పోసినట్టుంది. వార్తల గొంతు ప్రతి స దగ్గరా కోస్తోంది. ఇంత చెవి ఉన్న పిల్ల ఈ ట్యూనింగ్‌కు తాళం వేసిందంటే, తన చెవికి విరుద్ధంగా ఒక్కొక్క మెట్టూ ఎలా ఎక్కి ఉంటుందో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలూ అయిపోయాయి. పైస్వరాలకు ఎనిమిది వేశాను. ఆ పరీక్షలో మొద్దుబారని చెవితో, తెలిసి వేసిన తప్పు మార్కు అది. మొదటి నాలుగు కంటే ఈ ఎనిమిది నాకు ఎక్కువ సిగ్గు.

అది కూడా అక్కరకు రాలేదు. మిగతా వాళ్ళు నాలుగు, మూడు, నాలుగు, మూడు వేశారు. మిగతా గడులు కూడా దిగజారాయి, సగటు ఆరుకు చేరలేదు. వరహాలరావు నా షీటు రెండోసారి చూసి ఫైల్లో పెట్టాడు. హెడ్డాఫీసు ఆ మోడల్‌ని ఇంకో కేంద్రానికి అప్పజెప్పింది. వాళ్ళు ప్రమాణం ప్రకారం చేసి పంపారు, ఆ కార్లు బజారులోకి వచ్చాయి. ప్లాస్టిక్ కవర్లు తియ్యని కార్లలో చెవులు గీరుకుపోతున్నాయని డీలర్ల దగ్గర నుంచి మాటలు వచ్చాయి. ఎస్తేరు ముందే చెప్పింది చెప్పినట్టు.

జూన్ ఆఖరి రోజున ఆమె లాప్‌టాప్, గుర్తింపు కార్డు, హెడ్‌ఫోన్లు అప్పజెప్పి రసీదు తీసుకుంది. నా గదికి వచ్చి, చాలా నేర్చుకున్నాను సార్ అంది. నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, మంచి మాటే అయి ఉంటుంది.

ఆ తర్వాత అయిదేళ్ళు లీడ్‌గానే పనిచేశాను. రిటైరైన రోజు శాలువా కప్పి నా చెవి గురించి చాలా గొప్పగా మాట్లాడారు. ఆ కుర్చీలో కూర్చుని ఆ మాటలు వినడం కష్టంగా ఉంది. అయినా నవ్వుతూ విన్నాను.

నిరుడు పూర్ణా మార్కెట్‌లో, ఉల్లిపాయల వరసలో, సార్ అని ఎవరో పిలిచారు. ఎస్తేరు. ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు ల్యాబు చూసుకుంటున్నానంది. మా ఇంట్లో వాళ్ళ గురించి అడిగింది, నా ఆరోగ్యం గురించి అడిగింది. ఏడేళ్ళు గడిచాయి కదా, ఇప్పుడు చెప్పినా చెప్పకపోయినా ఒకటే అని ఒక క్షణం అనిపించింది. అదే పాత లెక్క అని గుర్తుపట్టాను. బస్తాల పక్కకు తీసుకెళ్ళి అంతా చెప్పాను. బోటు, టిక్కులు, ఆనందపురం రోడ్డు, సొరుగులో ఫారం, ఆమె అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. నన్ను క్షమించమని మాత్రం అడగలేదు. ఆ భారం కూడా ఆమె మీద వెయ్యబుద్ధి కాలేదు.

ఆమె కూరగాయల సంచీ కింద పెట్టింది. హమాలీలు దారిమ్మని అరుస్తుంటే ఇద్దరం గోడవైపు జరిగాం.

"నాను రెండుసార్లు చెవుల టెస్టు చేయించుకున్నాను సార్" అంది. "రెండుసార్లూ బాగానే ఉన్నాయన్నారు. మీరు తప్పు వింటారని నాకు తట్టనే లేదు. ఆ మెషీన్లే బాగోలేవనుకున్నాను."

ఈ సంగతి ఆఫీసులో ఎవరికైనా చెప్పారా అని అడిగింది. లేదన్నాను. అయితే చెప్పండి సార్ అంది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని కూడా అనలేదు, అంతవరకూ ఎంతో మర్యాదగా మాట్లాడిన మనిషి.

ఆ వారమే కేంద్రానికి ఉత్తరం రాశాను. ఫలానా పరీక్షలో నా మార్కు చెల్లదనీ, ఆ మొదటి ట్యూనింగ్ పాస్ కావలసిందనీ, కారణంతో సహా రాసి, ఒక నకలు ఎస్తేరుకు పంపాను. నెల తర్వాత కేంద్రం నుంచి జవాబు వచ్చింది. పాత షీట్లు కొంతకాలానికి తీసేస్తారు కనుక దిద్దడానికి ఏమీ లేదని, నేను రాసినందుకు ధన్యవాదాలని ఉంది. ఎస్తేరు నుంచి జవాబు రాలేదు. వస్తుందని అనుకోవడానికి నాకు హక్కు లేదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. రెండు సంగతులు చెబుతాను. ఫారంలో జాబితాలు పెట్టకండి, గత ఇరవై నాలుగు గంటల్లో ఏం విన్నారో ఖాళీ గీతల మీద రాయించండి. నిజం రాసినవాణ్ణి ఆ పూటకు తప్పించండి గానీ శిక్షించకండి, శిక్షిస్తే ఆ తర్వాత ఎవరూ రాయరు, మీతో సహా. మూడోది వాళ్ళు అడగరు, నేను చెప్పను. చెవి మొద్దుబారడం ఒక్క రోజులో దానంతట అదే తగ్గిపోయింది. నా మార్కు తప్పని శుక్రవారం సాయంత్రం అయిదులోపు చెప్పి ఉంటే, ఒక మనిషి తన చెవిని తాను నమ్ముకుని బతికేది. నేను ఏడేళ్ళు ఆలస్యంగా చెప్పాను.